కాల్ రాసేది ఒకరు, రాత్రి మేల్కొనేది ఇంకొకరు

ఆర్పీజీ వాళ్ళు నలుగురు ఒకచోట చేరితే రెండు తగువులు తప్పవు. ఒకటి ఫిక్స్‌డ్ ఫార్మాటా, ఫ్రీ ఫార్మాటా అని. రెండోది డైనమిక్ కాలా, బౌండ్ కాలా అని. మొదటిదాంట్లో నాకు పెద్ద పట్టింపు లేదు, అది ఎవరి కళ్ళకి ఏది అలవాటైతే అది. రెండోదాంట్లో మాత్రం గట్టి పట్టింపే ఉంది. ఎందుకంటే ఆ తగువులో నష్టపోయేది వాదించుకునే పెద్దమనుషులు కాదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి కూర్చుని లాప్‌టాప్ తెరిచే సపోర్టు పిల్లలు.

ఏఎస్/400 ముఖం చూడని జావా, డాట్‌నెట్ మిత్రుల కోసం రెండు ముక్కలు. ఆర్పీజీ 1959లో పుట్టిన భాష. ఏఎస్/400 అనే పెట్టె 1988లో వచ్చింది. పేర్లు మార్చుకుంటూ మార్చుకుంటూ 2008 నుంచి 'ఐబీఎం ఐ' అయింది. "ఇంకా ఉందా అది?!" అని ఆశ్చర్యపోకండి. 2025లో 7.6 వెర్షన్ కూడా వచ్చింది. బ్యాంకులు, బీమా కంపెనీలు, గోడౌన్లు, ఫ్యాక్టరీలు.. ఎక్కడ లెక్క తప్పకూడదో అక్కడ ఇది ఇప్పటికీ నడుస్తోంది. ఆ నడిపించే పనిలో మన హైదరాబాదు పిల్లలు చాలామందే ఉన్నారు. నేనూ ఒకణ్ణి.

ఇక అసలు విషయం. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని పిలవడానికి ఆర్పీజీలో రెండు దారులున్నాయి.

మొదటిది డైనమిక్ కాల్. పిలవాల్సిన ప్రోగ్రాం పేరు రాస్తాం. అది ఎక్కడుందో, అసలు ఉందో లేదో, కంపైల్ చేసేటప్పుడు ఎవరూ చూడరు. రన్ అవుతూ అవుతూ ఆ లైను దగ్గరికొచ్చాక సిస్టం వెతకడం మొదలుపెడుతుంది. లైబ్రరీ లిస్టులో పైనుంచి కిందికి చూసుకుంటూ పోయి, ఆ పేరుతో ముందు దొరికినదాన్ని పట్టుకుంటుంది. మా నల్గొండ వైపు ఏదో ఊళ్ళో బస్సు దిగి "మల్లయ్య ఇల్లెక్కడ?" అని అడిగినట్టన్నమాట. ఊళ్ళో నలుగురు మల్లయ్యలుంటారు. ముందు ఎదురైనవాడు ఏ మల్లయ్య ఇల్లు చూపిస్తే ఆ ఇంటికే పోతాం. అది మనకి కావాల్సిన మల్లయ్య ఇల్లేనా అన్నది గడప దాటాక తెలుస్తుంది. ఎవరో టెస్ట్ లైబ్రరీని ప్రొడక్షన్ లైబ్రరీ మీద పెట్టి మర్చిపోయిన జాబులు చూసిన వాళ్ళకి ఈ మల్లయ్య బాగా తెలుసు :)

రెండోది బౌండ్ కాల్. కోడుని మాడ్యూళ్ళుగా కంపైల్ చేసి, ప్రోగ్రాం తయారు చేసేటప్పుడే ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో ముడి వేస్తాం. పిలిచే ప్రొసీజర్ ఎక్కడా దొరక్కపోతే ప్రోగ్రామే తయారవదు. పట్టపగలు, మన సీట్లో, మన ముందే ఎర్రర్ వస్తుంది. ఈ ముడిలోనూ రెండు రకాలు. మాడ్యూలుని కాపీ చేసి ప్రతి ప్రోగ్రాంలో కలిపేయడం ఒకటి. సర్వీస్ ప్రోగ్రాం అని ఒకే చోట పెట్టి, మిగతావన్నీ దాన్ని చూసేలా చేయడం రెండోది. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

ఈ రెండో దారి 1994లో ఆర్పీజీకి వచ్చింది. ఐఎల్ఈ అంటారు దాన్ని. 1994లో నేనింకా పుట్టలేదు! నాకంటే వయసులో పెద్దదైన ఈ పద్ధతి గురించి మీటింగులో ఎత్తితే, ఇప్పటికీ "కొత్తది కదా, రిస్కు" అంటారు. ఎప్పటికి పాతబడుతుందో మరి. నాకు రిటైర్‌మెంట్ వచ్చే టైముకి కావచ్చు.

ఈ తగువు ఎక్కడ మొదలైనా స్పీడు దగ్గరకే చేరుతుంది. బౌండ్ కాల్ ఫాస్టు అని ఒకాయన, ఈ కాలం మిషన్ల మీద ఆ తేడా ఎవడికి కనిపిస్తుంది అని ఇంకొకాయన. నిజం చెప్పాలంటే ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ అనవసరమే. బౌండ్ కాల్ ఫాస్టే, అందులో సందేహం లేదు. లక్షల రికార్డుల లూపులో పెడితే తేడా తెలుస్తుంది. రోజుకి వెయ్యిసార్లు పిలిచే స్క్రీన్ ప్రోగ్రాంలో తెలియదు. పైగా డైనమిక్ కాల్‌ని తిట్టే వాళ్ళు చూపించే స్లో ప్రోగ్రాముల్లో అసలు దొంగ చాలాసార్లు కాల్ కాదు, ఎల్ఆర్. పిలిచిన ప్రతిసారీ లాస్ట్ రికార్డ్ ఇండికేటర్ ఆన్ చేసి బయటికొస్తే ఫైళ్ళు మూసుకుంటాయి. మళ్ళీ పిలిస్తే మళ్ళీ తెరుచుకుంటాయి. ఆ తెరిచి మూసే ఖర్చు ముందు కాల్ ఖర్చు ఎంత! ఎల్ఆర్ ఆన్ చేయకుండా రిటర్న్ అయ్యేలా మారిస్తే పాత డైనమిక్ కాల్ కూడా పరుగెడుతుంది. కాబట్టి స్పీడు గొడవ పక్కన పెట్టండి.

నా ప్రశ్న ఒక్కటే. తప్పు ఎప్పుడు బయటపడాలి? పగలు కంపైల్ చేసినవాడి దగ్గరా, రాత్రి రెండింటికి సపోర్టులో ఉన్నవాడి దగ్గరా?

ఎందుకిలా అడుగుతున్నానో చెప్తాను. పేర్లొద్దు. ఒక బీమా క్లయింటు. పాతకాలపు ఆర్పీజీ ప్రోగ్రాం ఒకటుంది, పాలసీ చెక్ చేసి ఒక మెసేజ్ వెనక్కి ఇస్తుంది. మెసేజ్ పారామీటర్ 50 అక్షరాలు. ఎవరికో అది చాలక 80 చేశారు. దాన్ని పిలిచే ప్రోగ్రాములన్నీ వెతికి, అన్నిటిలోనూ 80కి మార్చి కంపైల్ చేశారు. ఒక్కటి మిగిలిపోయింది. ఎందుకు మిగిలింది? ఆ ఒక్కటీ పిలవాల్సిన ప్రోగ్రాం పేరుని ఒక టేబుల్లోంచి చదివి, వేరియబుల్లో పెట్టుకుని పిలుస్తుంది. రిఫరెన్సులు చూపించే కమాండు కొడితే ప్రోగ్రాం పేరు బదులు 'వేరియబుల్' అని మాత్రమే చూపిస్తుంది. పేరు పెట్టి వెతికిన వాళ్ళకి అది దొరకలేదు. పైగా అది మూడు నెలలకొకసారి, క్వార్టర్ ఎండ్‌కి మాత్రమే నడిచే జాబు.

క్వార్టర్ ఎండ్ వచ్చింది. పిలిచినవాడు 50 బైట్ల చోటిచ్చాడు. పిలవబడినవాడు ఇది 80 అనుకుని, ముందుగా మొత్తం బ్లాంకులతో నింపాడు. మిగతా 30 బ్లాంకులు ఎక్కడికి పోతాయి? పక్కనున్న ఫీల్డుల మీదికి. ఆ పక్కనున్నది ప్రీమియం మొత్తం దాచుకున్న ప్యాక్డ్ ఫీల్డు. బ్లాంకంటే ఆ మిషన్ల మీద హెక్స్ 40. ప్యాక్డ్ నంబర్లో చివర సైన్ ఉండాల్సిన చోట సున్నా వచ్చి కూర్చుంది. కాల్ దగ్గర ఏ ఎర్రరూ లేదు. ఎక్కడో నాలుగొందల లైన్ల కింద, ఆ ఫీల్డుకి ఏదో కలిపే లైను దగ్గర 'డెసిమల్ డేటా ఎర్రర్' అని జాబు ఆగింది.

ఆ రాత్రి సపోర్టులో ఉన్నది రెండో ఏడాది చేస్తున్న ఒక అమ్మాయి. ఎర్రర్ వచ్చిన లైను చూసింది, కూడిక. ఫైల్లో డేటా చూసింది, శుభ్రంగా ఉంది. డేటా బాగుంది, కూడిక బాగుంది, ఎర్రరేమో డేటా ఎర్రర్! ఇది రాత్రిపూట, ఒక్కతే, అవతల క్లయింటు బ్రిడ్జిలో "ఎనీ అప్‌డేట్?" అని పది నిమిషాలకోసారి అడుగుతుంటే పట్టుకోవాలి. తెల్లవారుజాము ఐదున్నరకి పట్టుకుంది. నాకైతే ఆమెకి దండం పెట్టాలనిపించింది. వారం తర్వాత రూట్ కాజ్ రిపోర్టులో ఏం రాశారో తెలుసా? "సపోర్ట్ టీం ఇంపాక్ట్ అనాలిసిస్ సరిగా చేయలేదు." ఆమె ఆ టీములో చేరకముందే జరిగిన మార్పుకి!

ఇప్పుడు ఎవరైనా "అదే బౌండ్ కాల్ అయితే ఆగిపోయేదా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. బౌండ్ కాల్ భక్తులు ఇక్కడే అతి చేస్తుంటారు కాబట్టి వాళ్ళకీ ఒక వాత పెడతాను. ముడి వేసినంత మాత్రాన పారామీటర్ పొడవులు ఎవరూ చూడరు. పాత కాల్ బదులు కాల్‌బీ రాసి, కింద అవే పార్మ్ లైన్లు పెడితే అదే బొక్క, అదే బొర్రా. సర్వీస్ ప్రోగ్రాం సిగ్నేచర్ కూడా కాపాడదు. ఆ సిగ్నేచర్‌లో ఎక్స్‌పోర్ట్ అయిన ప్రొసీజర్ల పేర్లూ వాటి వరసా లెక్కలోకొస్తాయి గానీ, వాటి పారామీటర్లు రావు. పొడవుని పట్టుకునేది ప్రోటోటైప్. అది ఒకే కాపీ మెంబర్లో ఉండి, పిలిచేవాడూ పిలిపించుకునేవాడూ ఇద్దరూ దాన్నే కలుపుకుంటే, తేడా వస్తే కంపైలర్ అక్కడే ఆపుతుంది. ఇంకో మాట, ప్రోటోటైప్ డైనమిక్ కాల్‌కీ రాయొచ్చు! ఎక్స్‌ట్‌పీజీఎం అని ఒక్క కీవర్డు చాలు. ఇది చేయనివాడికి ఏ సాకూ లేదు.

మరి బౌండ్ ఎందుకు? కనబడటం కోసం. సర్వీస్ ప్రోగ్రాంకి ముడిపడ్డ ప్రతి ప్రోగ్రాం ఆ ముడిని తన ఆబ్జెక్టులోనే మోసుకు తిరుగుతుంది. డిస్‌ప్లే ప్రోగ్రాం కొడితే కనబడుతుంది. వేరియబుల్ చాటున దాక్కోవడానికి లేదు. పైన చెప్పిన కథలో ఆ మిగిలిపోయిన ఒక్క ప్రోగ్రామూ లిస్టులోకి వచ్చేది. ఇంకా మంచి దారి కూడా ఉంది. 80 అక్షరాల మెసేజ్ ఇచ్చే కొత్త ప్రొసీజర్‌ని అదే సర్వీస్ ప్రోగ్రాంలో చివర చేర్చి, పాతదాన్ని అలాగే ఉంచడం. అవసరమైనవాడు కొత్తదానికి మారతాడు. మూడు నెలలకొకసారి లేచే జాబు తన పాత ప్రొసీజర్‌తో తన మానాన తాను నడుస్తుంది. ఎవరి నిద్రా చెడదు.

ఈ మాట మా పెద్దాయనొకాయనకి చెప్తే ఆయన అన్నది యథాతథంగా: "తమ్మీ, నడుస్తుంది గదా, దాన్నెందుకు గెలుకుతవ్?" ఆయన మా వైపు మనిషే. ఆయన మీద కోపం లేదు. ఇరవై ఏళ్ళు ఆ సిస్టంని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఆయన భయాలకీ కారణాలున్నాయి, అవి కొట్టిపారేసేవి కావు.

ఒక భయం సిగ్నేచర్ వయొలేషన్. ఎవరో ఉత్సాహవంతుడు సర్వీస్ ప్రోగ్రాంలో ఒక ప్రొసీజర్ చేర్చి, 'అన్నీ ఎక్స్‌పోర్ట్' అని కంపైల్ చేస్తాడు. పేర్ల వరస మారిపోతుంది, సిగ్నేచర్ మారిపోతుంది. పొద్దున్నే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ మొదలవకుండానే కూలిపోతాయి. నిజమే, జరుగుతుంది. కానీ దానికి మందు కూడా ఆ పెట్టెలోనే ఉంది. బైండర్ లాంగ్వేజ్ అని నాలుగు లైన్ల సోర్సు. పాత లిస్టుని 'ప్రీవియస్' అని ఉంచి, కొత్త లిస్టులో కొత్త పేరుని చివరన మాత్రమే చేర్చాలి. మధ్యలో దూర్చకూడదు, అంతే. గంటలో నేర్పొచ్చు. గంట నేర్పకుండా ముప్పై ఏళ్ళు భయపడుతున్నాం.

రెండో భయం యాక్టివేషన్ గ్రూపులు. ఇది నిజంగా తలనొప్పే, ఒప్పుకుంటాను. డిఫాల్ట్ గ్రూపులో కొన్ని, పేరున్న గ్రూపులో కొన్ని, ప్రతిసారీ కొత్త గ్రూపులో ఇంకొన్ని కలగాపులగం చేస్తే, ఒక గ్రూపులో ఇచ్చిన ఫైల్ ఓవర్‌రైడ్ ఇంకో గ్రూపులో తెరిచిన ఫైలుకి వర్తించదు. కమిట్మెంట్ కంట్రోల్ హద్దులూ మనం అనుకున్నచోట ఉండవు. అందుకని ముందే కూర్చుని ఒక నియమం రాసుకోవాలి. అప్లికేషన్‌కి ఒక పేరున్న గ్రూపు, సర్వీస్ ప్రోగ్రాములు 'కాలర్' గ్రూపులో. ఏ పేజీ చూసినా కనపడేలా గోడకి అంటించుకోవాలి. నియమం రాయకుండా ఐఎల్ఈ మొదలుపెట్టి, దెబ్బ తిని, "చూశావా, ఐఎల్ఈ మంచిది కాదు" అనడం ఉప్పు వేయకుండా వండి, ఆకుకూర మంచిది కాదనడం లాంటిది.

మూడోది భయం కాదు, వాదన. "డైనమిక్ అయితే ఒక్క ప్రోగ్రాం మార్చి పెట్టేస్తే చాలు, బౌండ్ అయితే అన్నీ మళ్ళీ కట్టాలి." ఇందాక గుర్తుంచుకోమన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. కాపీ చేసి కలిపితే ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. సర్వీస్ ప్రోగ్రాం అయితే కాదు. దాన్ని ఒక్కదాన్నీ మారిస్తే, వాడే వాళ్ళందరికీ తర్వాతి జాబు నుంచి కొత్తదే అందుతుంది.

ఈ తేడా మా జిల్లా వాళ్ళకి వేరే చోట తెలుసు. నల్గొండ పేరుతో ప్రపంచమంతా తెలిసిన టెక్నిక్ ఒకటుంది, 'నల్గొండ టెక్నిక్' అనే అంటారు. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్ నీరి శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు. పటిక, సున్నం కలిపి, తేర్చి, వడగట్టే పద్ధతి. ఇంట్లో బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. మంచి పద్ధతే. కానీ బకెట్ పద్ధతిలో ప్రతి ఇల్లూ, ప్రతి రోజూ, కొలత తప్పకుండా చేసుకోవాలి. ఏ ఇంట్లో కొలత తప్పితే ఆ ఇంటి పిల్లల ఎముకలకే దెబ్బ. మూలం దగ్గరే మంచి నీళ్ళు పట్టి పైపులో పంపితే, జాగ్రత్త ఒకచోట పడితే చాలు. మిషన్ భగీరథ పైలాన్‌ని 2015లో చౌటుప్పల్లో ఆవిష్కరించినప్పుడు మా వాళ్ళు అంత ఆశపడింది అందుకే. వంగిపోయిన కాళ్ళతో నడిచే మనుషుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి, ఈ పోలిక సరదాకి వాడట్లేదు. తేదీ చెక్ చేసే అదే ముప్పై లైన్లు మూడొందల ప్రోగ్రాముల్లో కాపీ కొట్టి ఉన్న సిస్టం అంటే ఇంటింటికీ బకెట్టే. ఒక్క బకెట్లో కొలత తప్పినా అది ఏ బకెట్టో రాత్రిపూట వెతుక్కోవాలి.

మరి డైనమిక్ కాల్‌ని తీసి పారేయాలా? అక్కర్లేదు. దానికీ చోటుంది. మెనూ నుంచి ప్రోగ్రాంని లేపడం, సీఎల్ నుంచి బ్యాచ్ జాబుని నడపడం, ఇంకో కంపెనీ ప్యాకేజీలోకి పోవడం, క్లయింటుని బట్టి మారే ప్రోగ్రాం పేరుని టేబుల్లో పెట్టుకోవడం.. ఇవన్నీ డైనమిక్‌గానే ఉండాలి. అక్కడ పేరు చివరి నిమిషంలో తేలడమే కావాలి. ఊరి పొలిమేర దగ్గర ఎవరు నువ్వని అడగడం సబబే. సొంత ఇంట్లో వంటగది ఎక్కడని రోజూ అడుగుతామా? పొలిమేరలో డైనమిక్, ఇంట్లో బౌండ్. రెండు చోట్లా ప్రోటోటైప్. పాత ప్రోగ్రాములన్నీ రేపే తిరగరాయమని అనట్లేదు. ఎలాగూ ఏదో మార్పు కోసం తెరిచిన ప్రోగ్రాంలో ఆ రోజు ఒక్క కాల్‌కి ప్రోటోటైప్ రాయండి. ఏడాదికి ఎన్నవుతాయో చూడండి.

"క్లయింటు దీనికి డబ్బులివ్వడు" అనేది చివరి అస్త్రం. ఇవ్వడు, ఎందుకంటే మనం అడగం. మన డాష్‌బోర్డుల్లో ఎన్ని టికెట్లు క్లోజ్ చేశామో ఉంటుంది. రాకుండా ఆపిన టికెట్లకి గడి ఉండదు. రాత్రి రెండింటికి లేచినవాడికి 'స్పాట్ అవార్డు' ఇస్తారు, రెండింటికి ఎవరూ లేవాల్సిన పని లేకుండా పగలు ప్రోటోటైప్ రాసినవాణ్ణి "ఇంత చిన్న మార్పుకి మూడు రోజులా?" అంటారు. ఇది టెక్నికల్ సమస్య కాదు. ఎవరి టైముకి విలువ ఉంది, ఎవరి నిద్రకి లేదు అన్నదే సమస్య.

చదువు దగ్గర కూడా ఇదే తంతు. అమీర్‌పేటలో ఏఎస్/400 నేర్చుకుని వచ్చిన పిల్లల నోట్సులు చాలా చూశాను. సబ్‌ఫైళ్ళకి రెండు వారాలు, కాల్-పార్మ్-పీలిస్టులకి రెండు రోజులు, ఐఎల్ఈకి చివర్లో ఒక పూట, అదీ ఇంటర్వ్యూ ప్రశ్నలకి సరిపడా. "స్టాటిక్ కాల్‌కీ డైనమిక్ కాల్‌కీ తేడా ఏమిటి?" అంటే "స్టాటిక్ ఫాస్టర్ సార్" అంటారు. అక్కడితో సరి. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకి చెప్పింది అదే. మా నల్గొండలో కూడా 2023లో ఐటీ టవర్ తెరిచారు. సంతోషమే. కానీ అలాంటి చోట్లకి వచ్చేది ఎప్పటికీ ఎవరో ఎప్పుడో రాసిన కాల్ లైనుకి రాత్రి కాపలా పనేనా, లేక ఆ లైనుని సరిచేసే పని కూడానా అన్నది మనం ఏం నేర్పుతామో దాని మీద ఉంటుంది.

సీనియర్లకి ఒక విన్నపం. మీరు రేపు ఒక కాల్ రాసేటప్పుడు, కింద పార్మ్ లైన్లు కొట్టి ఎంటర్ నొక్కే ముందు, ఆ వారం సపోర్టు రోస్టర్లో ఎవరి పేరుందో ఒక్కసారి చూడండి. ప్రోటోటైప్ రాయడానికి మీకు పట్టేది పది నిమిషాలు. అది లేకపోతే ఆ పేరున్న మనిషికి పట్టేది ఒక రాత్రి.